దొరికినవి 40 డ్రమ్ములు, బయటికి వెళ్లినవి 50: ప్రమాదకర వ్యర్థాల లెక్క ఎలా చదవాలి?

విశాఖపట్నం గాజువాకలో మా పెద్దమ్మ ఇంటి పెరట్లో ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఉండేది. కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే కాలంలో, పాత డ్రమ్ములు ఆటోలో వేసుకొచ్చి వీధివీధీ తిరిగి అమ్మేవాళ్ల దగ్గర కొన్నది. దాని పొట్టమీద సగం చిరిగిన పసుపుపచ్చ చీటీ ఒకటి అంటుకుని ఉంది. చీటీమీద ఎర్ర అక్షరాల తోకలు రెండు మూడు, కింద నల్ల మార్కరుతో రాసిన నంబరు. అదేమిటని అడిగితే పెద్దమ్మ నవ్వేసింది. "ఏటి బాబూ, నీళ్ల డ్రమ్ముకి పేరేటి? నాలుగుసార్లు సర్ఫేసి కడిగేను కదా!" అందులో అంతకుముందు ఏం పోశారో ఆవిడకి తెలీదు, అమ్మినవాడికీ తెలీదు. చెప్పగలిగింది ఆ చీటీ ఒక్కటే. అదీ సగమే మిగిలింది.

ఇలాంటి చీటీల సంగతి ఈమధ్య తరచుగా వార్తల్లోకి వస్తోంది. 2025 జనవరి మొదట్లో భోపాల్ యూనియన్ కార్బైడ్ ఆవరణలోంచి 337 టన్నుల వ్యర్థాన్ని 12 సీలు వేసిన కంటైనర్లలో, కాల్చడానికి, మధ్యప్రదేశ్‌లోనే ఉన్న పీథంపూర్‌కి తరలించారు. అదే ఏడాది మే 25న కేరళ తీరంలో ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే ఓడ 640 కంటైనర్లతో మునిగింది. ఆ జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు విడిగా నియమాలు తెచ్చింది. విశాఖ వాళ్లకి ఇవి దూరపు వార్తలు కావు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో స్టైరీన్ అనే, ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. ఆ తర్వాత ఇక్కడ మిగిలిన సుమారు 13 వేల టన్నుల స్టైరీన్‌ని ఓడల్లో దక్షిణ కొరియాకి వెనక్కి పంపారు. రసాయనం ఎక్కడుంది, ఎంతుంది, ఎటు వెళ్తోంది అని ఊరు ఊరంతా అడిగిన రోజులవి.

అయినా "వ్యర్థాలు శాస్త్రీయంగా తరలించారు" అని పేపర్లో ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఎన్ని డ్రమ్ములు, ఏ చీటీ, ఏ తేదీ, ఎవరి సంతకం అనేది తెలిస్తేనే ఆ వాక్యం నిజమో కాదో చూసుకోగలం.

మూడు మాటలు, మూడు వేర్వేరు పనులు

మొదటి చిక్కు కంటైనర్ అన్న మాటతోనే. విశాఖలో కంటైనర్ అంటే పోర్టులో వరసలు పేర్చిన ఇనప పెట్టె గుర్తొస్తుంది. వ్యర్థాల లెక్కలో ఆ మాటకి అర్థం వేరు: 200 లీటర్ల డ్రమ్ము, ప్లాస్టిక్ క్యాను, టన్ను సంచి, చివరికి వాడేసిన చేతితొడుగులు కట్టిన మూట కూడా కంటైనరే. భోపాల్ వార్తలో 12 కంటైనర్లంటే లారీమీద ఎక్కించే పెద్ద పెట్టెలు. వాటి లోపల సంచులు ఎన్నో ఉంటాయి. "ఎన్ని కంటైనర్లు" అన్న ప్రశ్నకి ఇద్దరు అధికారులు రెండు అంకెలు చెప్తే, ఇద్దరూ నిజమే చెప్తూ ఉండొచ్చు.

లేబుల్ వేరు, ట్రాకింగ్ వేరు. ఇదిగో దీని లోపల ఇది ఉంది అని ఎదురుగా నిలబడ్డ మనిషికి చెప్పేది లేబుల్. ఈ డ్రమ్ము నిన్న ఎక్కడుంది, ఇవాళ ఎక్కడుంది, ఎవరు ఎవరికి అప్పగించారు అని ఎదురుగా లేని మనిషికి చెప్పేది ట్రాకింగ్. లేబుల్ లేకుండా నంబరు మాత్రమే ఉంటే డ్రమ్ము కారినప్పుడు దగ్గరున్న కూలీ రిజిస్టరు వెతుక్కుంటూ ఆఫీసుకి పరిగెత్తాలి. లేబుల్ ఉండి నంబరు లేకపోతే ఒక డ్రమ్ము రాత్రికి రాత్రి మాయమైనా లెక్క తప్పదు. ఒకే రకం చీటీ అంటించినవి ఇంకా ఇరవై ఉంటాయి మరి.

మన దేశంలో దీనికి ఆధారం 2016 నాటి ప్రమాదకర, ఇతర వ్యర్థాల నియమాలు. వ్యర్థం పుట్టినచోట 90 రోజులకి మించి దాచకూడదు. కొన్ని సందర్భాల్లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి గడువు పెంచవచ్చు. తర్వాత దాన్ని అనుమతి ఉన్న శుద్ధి, పాతర కేంద్రానికి పంపాలి. మన చుట్టుపక్కల అలాంటి కేంద్రం పరవాడ ఫార్మాసిటీలో ఉంది. 2022లో జిల్లాలు విడదీశాక పరవాడ అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది.

ఇక్కడ ఇంకో 90 ఎదురవుతుంది. 2025 కలుషిత స్థలాల నియమాల ప్రకారం ఒక స్థలంమీద అనుమానం ఉందని సమాచారం అందాక ప్రాథమిక పరిశీలనకి ఇచ్చిన గడువు కూడా 90 రోజులే. మొదటి 90 డ్రమ్ముది, రెండో 90 నేలది. ఈ రెండింటినీ కలిపేసి రాసిన వార్తలు చదివి, డ్రమ్ములు ఇంకా మూడు నెలలు ఉంచొచ్చేమో అనుకున్నవాళ్లు ఉన్నారు.

పసుపు చీటీమీద ఏముండాలి

2016 నియమాల్లో ఫారం 8 అనేది ఈ చీటీ నమూనా. మెరిసే పసుపు నేపథ్యం, దానిమీద ఎర్ర అక్షరాలతో "ప్రమాదకర వ్యర్థం", "జాగ్రత్తగా వాడండి" అన్న హెచ్చరికలు. అవి హిందీ, ఇంగ్లీషు, స్థానిక భాష మూడింటిలోనూ ఉండాలి. అంటే విశాఖలో తెలుగు అక్షరాలు ఉండటం ఎవరో దయతలిచి చేసే పని కాదు, నియమం. ఎండకి వెలవకుండా, వానకి కరగకుండా ఉండే సరుకుతో చీటీ చెయ్యాలని కూడా అందులోనే ఉంది. మన ఉప్పుగాలికి, జూలై వానకి ఆ ఒక్క ముక్క ఎంత ముఖ్యమో ఇనప గేటున్న ప్రతి ఇంటివాళ్లకీ తెలుసు.

మిగతా గడుల్లో వ్యర్థం ఏ వర్గం, దాని స్వభావం ఏమిటి, పరిమాణం ఎంత, నిల్వ మొదలైన తేదీ, ఘనమా ముద్దా ద్రవమా, పంపేవారెవరు, అందుకునేవారెవరు, ఆపదొస్తే ఫోను ఎవరికి చెయ్యాలి అన్నవి ఉంటాయి. వీటన్నిటి మధ్యా జనం పట్టించుకోని గడి ఒకటుంది: ఇది దేనితో కలవకూడదు?

నా దృష్టిలో ప్రాణం కాపాడే గడి అదే. బాత్రూం కడిగే యాసిడ్‌ పోసినచోట బ్లీచింగ్ కూడా వేస్తే ముక్కు మండే వాయువు లేస్తుంది, అది క్లోరిన్. విడివిడిగా రెండూ ప్రతి ఇంట్లో ఉన్నవే. వదిలేసిన పాత రసాయనాలు ఎత్తి శుభ్రం చేసే స్థలంలో ఇదే పెద్ద ఎత్తున జరగొచ్చు. లోహానికి పూత వేసే (ప్లేటింగ్) పనిలో మిగిలిన సైనైడ్ వ్యర్థం పక్కన ఆమ్లం డ్రమ్ము పెట్టి, రెండూ కారితే పుట్టేది హైడ్రోజన్ సైనైడ్. అందుకే పద్ధతి తెలిసినవాళ్లు డ్రమ్ముల్ని దొరికిన వరసలో కాక, కలవకూడనివి వేర్వేరు గట్ల లోపల ఉండేలా పేరుస్తారు. మధ్యలో ఖాళీ చోటు కనిపిస్తే అది స్థలం వృథా కాదు.

వర్గం అన్న గడిలో 33.1, 5.1 లాంటి అంకెలుంటాయి. నియమాల మొదటి షెడ్యూలులోని వరస నంబర్లవి. 5.1 వాడేసిన నూనె. 33.1 రసాయనాలు అంటిన ఖాళీ డ్రమ్ములు, వాటి లోపలి పొరలు. 33.2 తుడిచిన గుడ్డలు. ఖాళీ డ్రమ్ముకి సొంతంగా ఒక వ్యర్థం నంబరుందన్న సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

ఒకే '3', నాలుగు అర్థాలు

చీటీలు చదివేవాళ్లని ఎక్కువగా తికమక పెట్టేవి అంకెలే. వెంకటాపురం పుణ్యమా అని విశాఖలో అందరికీ పేరు తెలిసిన స్టైరీన్‌నే తీసుకుందాం.

రవాణాలో స్టైరీన్ క్లాసు 3. ఐక్యరాజ్యసమితి పద్ధతిలో ప్రమాదకర సరుకులు తొమ్మిది తరగతులు. 3 అంటే మండే ద్రవం. ఇది రకాన్ని చెప్తుందే గాని తీవ్రతని చెప్పదు. 8వ తరగతి, అంటే ఒంటినీ లోహాన్నీ తినేసే సరుకు, 3 కన్నా ఎక్కువ ప్రమాదమనీ కాదు, తక్కువనీ కాదు. బడిలో మూడో తరగతి, ఎనిమిదో తరగతి లాంటి మెట్లు కావివి.

అదే కాగితంమీద ప్యాకింగ్ గ్రూపు అని ఉంటుంది. స్టైరీన్‌ది 3వ గ్రూపు. ఇక్కడ అంకె తీవ్రతని చెప్తుంది, కాని తలకిందులుగా. 1 అతి ప్రమాదం, 3 ఉన్నవాటిలో తక్కువ.

ట్యాంకుమీద గాని గేటుమీద గాని నాలుగు గడుల వజ్రం బొమ్మ చూసి ఉంటారు. నీలం ఆరోగ్యానికి, ఎరుపు మంటకి, పసుపు చర్యా స్వభావానికి, తెలుపు ప్రత్యేక సూచనలకి. అది అమెరికా అగ్నిరక్షణ సంఘం పద్ధతి. స్టైరీన్‌కి ఎర్ర గడిలో 3 ఉంటుంది. ఇక్కడ కొలత 0 నుంచి 4 దాకా, 4 అన్నిటికన్నా చెడ్డది. కాబట్టి ఈ 3 గట్టి హెచ్చరిక.

నాలుగోది జీహెచ్ఎస్ అనే ప్రపంచ లేబుల్ పద్ధతి. తెల్లని వజ్రం, ఎర్ర అంచు, లోపల నల్ల బొమ్మ. అందులో స్టైరీన్ మండే ద్రవాల్లో కేటగిరీ 3. మళ్లీ ఇక్కడ 1 అన్నిటికన్నా చెడ్డది.

ఒకే ద్రవం, నాలుగుచోట్లా 3. ఒకటి రకం, రెండు కాస్త ఊరట, ఒకటి గట్టి హెచ్చరిక. పోనీ ఊరట అన్నవాటిని నమ్మి ధైర్యంగా ఉందామా అంటే, స్టైరీన్ ఆవిరి నిప్పురవ్వ తగిలితే అంటుకునే స్థితికి వచ్చేది సుమారు 31 డిగ్రీల దగ్గర. మే నెలలో విశాఖలో పొద్దున పది దాటితే గాలికే అంత వేడి ఉంటుంది. గ్రూపులు, కేటగిరీలు ప్రపంచంలోని ద్రవాలన్నిటినీ ఒకదాంతో ఒకటి పోల్చి పెట్టినవి. మన ఎండ వాటి లెక్కలో లేదు.

ఈ అంకెల గొడవ లేకుండా పేరు మాత్రమే చెప్పేది యూఎన్ నంబరు. స్టైరీన్‌కి 2055. మల్కాపురం, సింధియా రోడ్డుమీద వెళ్లే ట్యాంకర్ల వెనక పలకమీద చూడండి: 1203 పెట్రోలు, 1202 డీజిలు, 1075 వంటగ్యాసు, 1005 అమ్మోనియా, 1830 గంధకామ్లం. ట్యాంకరు బోల్తా పడితే ఫైర్ సర్వీసుకి ముందు చెప్పాల్సింది ఆ నాలుగంకెలే. ట్యాంకరుకి ఈ పలక ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెప్తాయి.

ఇవి కాక డ్రమ్ము అడుగునో పక్కనో గుద్దిన అక్షరాలు ఉంటాయి: 1ఏ1, 1ఏ2, 1హెచ్1. ఇవి వ్యర్థం గురించి కాదు, డ్రమ్ము గురించి. మొదటి 1 అంటే డ్రమ్ము. ఏ అంటే ఉక్కు, హెచ్ అంటే ప్లాస్టిక్. చివరి 1 అంటే పైకప్పు ఊడదు, బిరడాలు మాత్రమే ఉంటాయి. 2 అంటే మూత మొత్తం తీయొచ్చు. బిరడాల డ్రమ్ములో మామూలుగా ద్రవమే పోస్తారు, మూత తీసేదాంట్లో ముద్దయినా పొడయినా ఉండొచ్చు. ముట్టుకోకుండానే కాస్త ఊహించడానికి ఇది పనికొస్తుంది.

ఫ్యాక్టరీ వేరు, శుభ్రం చేసే స్థలం వేరు

నడుస్తున్న ఫ్యాక్టరీలో డ్రమ్ములోకి ఏం పోస్తున్నారో పోసేవాడికి తెలుసు. వదిలేసిన గోదాములో పోసినవాడు లేడు, యజమాని చేతులు మారాడు, రిజిస్టరు చెదలు తినేసింది. డ్రమ్ముమీద ఒక ద్రావకం (సాల్వెంట్) పేరు అచ్చువేసి ఉంటుంది. కాని ఆ ద్రావకం అయిపోయాక అందులో ఏ కడుగునీళ్లు పోశారో ఎవరికి తెలుసు?

అందువల్ల పాత అచ్చుని నమ్మకూడదు. అలాగని చెరపకూడదు కూడా. ముందు ఫోటో తీసి, ఉన్నది ఉన్నట్టు రాసుకుని, కొత్త నంబరు వేసి, "పరీక్ష కావలసి ఉంది" అని చీటీ పెడతారు. ఉబ్బిన డ్రమ్ముని నంబరు వెయ్యడానికైనా ముట్టుకోరు. లోపల ఒత్తిడి ఉందన్నమాట.

తెలియనిదాన్ని ఏమని రాయాలి అన్నదానిమీద పనిచేసేవాళ్లలో రెండు మాటలున్నాయి. వాసన, రంగు, అక్కడ ఇదివరకు ఏ పని జరిగేదో చూసి "బహుశా ద్రావకం" అనైనా రాయాలి, ఏమీ రాయకపోతే కూలీ దాన్ని నీళ్ల డ్రమ్ములా దొర్లించేస్తాడు అని ఒక వాదన. తప్పు చీటీ అసలు చీటీ లేకపోవడంకన్నా చెడ్డది అని రెండోది. లేనప్పుడు మనిషి భయపడి ఆగుతాడు, తప్పుది ఉంటే ధైర్యంగా ముందుకెళ్తాడు. నాకు రెండో మాటే సబబనిపిస్తుంది. అయితే మొదటివాళ్ల భయం కూడా నిజమే. అందుకే "తెలియదు" అన్న చీటీ కూడా పెద్దదిగా, ఎర్రగా, తెలుగు, హిందీల్లో ఉండాలి. వీలైతే ఒడియాలోనూ ఉండాలి, ఇక్కడ ఈ బరువు మోసేవాళ్లలో ఒడిశా నుంచి వచ్చినవాళ్లు చాలామంది.

నంబరు వేసే చోటు చిన్న విషయంలా కనిపిస్తుంది గాని కాదు. మూతమీద వేస్తే మూతలు తారుమారవుతాయి, పైగా మూతమీద వాననీళ్లు నిలుస్తాయి. డ్రమ్ము పొట్టమీద, రెండు వైపులా వెయ్యాలి.

నంబర్లు రాసేటప్పుడు 217ని 271 అని రాయడం మనిషన్నవాడికి సహజం. దానికి పాత కిటుకొకటుంది: చివర ఒక తనిఖీ అంకె తగిలించడం. 217లో అంకెల్ని వరసగా 4, 3, 2తో గుణించి కూడండి: 8, 3, 14, మొత్తం 25. 11తో భాగిస్తే శేషం 3. కాబట్టి డ్రమ్ముమీద 217-3 అని రాస్తారు. ఎవరైనా 271-3 అని ఎక్కిస్తే 8, 21, 2 కలిపి 31, శేషం 9. 3 రావలసినచోట 9 వచ్చింది కనుక తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది. శేషం 10 వచ్చే నంబర్లని వాడకుండా వదిలేస్తే సరి. పోర్టులో ఇనప పెట్టెల నంబర్లలో చివరి అంకె, మన ఆధార్‌లో పన్నెండో అంకె ఉన్నది ఈ పనికే. లెక్క కట్టే తీరు మాత్రం వేర్వేరు.

ఎల్సా 3 మునిగినప్పుడు ఆ పెట్టెల నంబర్ల విలువ ఏమిటో తెలిసింది. 640లో 13 పెట్టెల్లో ప్రమాదకర సరుకుందనీ, మరో 12 పెట్టెల్లో కాల్షియం కార్బైడ్ ఉందనీ కోస్ట్‌గార్డు చెప్పింది. మామిడికాయలు మగ్గబెట్టే ఆ కార్బైడే, నీళ్లు తగిలితే మండే ఎసిటిలీన్ వాయువు వదుల్తుంది. ఒడ్డుకి కొట్టుకొచ్చిన పెట్టె ఆ 25లో ఒకటో కాదో తలుపు తెరవకుండా తెలుసుకోవాలంటే పైనున్న నంబరే దారి.

40 ఎలా 50 అయ్యాయి

ఇప్పుడొక లెక్క చేద్దాం. ఇది కల్పితం. ఊరి శివార్లలో మూతపడ్డ రంగుల గోదాము ఒకటి అనుకుందాం. జూన్ 3న మొదటి షెడ్డు తెరిచారు, జూన్ 20న రెండోది. మొత్తం 40 డ్రమ్ములు దొరికాయి. 1 నుంచి 40 దాకా నంబర్లు వేశారు.

ఐదు డ్రమ్ములు కారుతున్నాయి. వాటిని ఒక్కొక్కదాన్ని ఎత్తి పెద్ద డ్రమ్ములో దించారు. నంబరు మారదు, లోపలి డ్రమ్ము నంబరే బయటి డ్రమ్ముమీద మళ్లీ రాస్తారు. లెక్క 40 దగ్గరే ఉంది.

ఎనిమిదింట్లో వాడేసిన నూనె, ఒక్కోదాంట్లో 90 లీటర్ల చొప్పున 720 లీటర్లు ఉంది. పరీక్షలో అన్నీ ఒకటే రకమని తేలాక, రెండేసి డ్రమ్ములది ఒక్కోదాంట్లో కలిపి నాలుగు కొత్త డ్రమ్ముల్లో పోశారు. ఒక్కోదాంట్లో 180 లీటర్లు, ఎండకి నూనె వ్యాకోచించడానికి పైన కాస్త ఖాళీ వదిలారు. ఈ కొత్తవి 41 నుంచి 44. రిజిస్టరులో వీటి వంశం రాయాలి: 41కి తల్లిదండ్రులు 3, 7. ఇలా రాయకపోతే రేపు 41లో ఏదైనా విషం తేలినప్పుడు అది ఏ మూలనుంచి వచ్చిందో తెలీదు. మరి ఖాళీ అయిన ఆ ఎనిమిది? అవి మాయం కాలేదు, 33.1 వర్గంలో వ్యర్థాలయ్యాయి. లెక్క 44.

కారినచోట రంపపుపొట్టు చల్లి ఎత్తారు, మట్టి చెక్కారు, తొడుగులు, మాస్కులు, సూట్లు విప్పారు. అవి ఇంకో ఆరు డ్రమ్ములు. మొత్తం 50.

బయట నిలబడ్డ విలేకరి "40 దొరికాయన్నారు, 50 ఎలా వెళ్తున్నాయి? పది ఎక్కడివి?" అని అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. రిజిస్టరు సరిగ్గా ఉంటే రెండు నిమిషాల్లో జవాబుంటుంది. శుభ్రం చేసేకొద్దీ వ్యర్థం పెరగడం వింత కాదు. భోపాల్ వ్యర్థం కాల్చాక మిగిలిన బూడిద, అవశేషాలు మొదటి 337 టన్నులకన్నా ఎక్కువే తూగాయి, కాల్చేటప్పుడు వాడిన సున్నం వగైరా అందులో చేరింది మరి. అసలు అనుమానించాల్సింది రెండోవైపు లెక్క. 40 దొరికి, అన్నీ కలిపి 34 వెళ్లాయంటే అప్పుడు గట్టిగా అడగాలి.

తేదీ దగ్గర ఇంకో మెలిక. 41వ డ్రమ్ములో కలిపిన నూనెల్లో ఒకటి జూన్ 3న దొరికింది, ఇంకోటి జూన్ 20న. కలిపింది జూలై 10న. చీటీమీద ఏ తేదీ వెయ్యాలి? జూన్ 3 వేస్తే 90 రోజులు సెప్టెంబరు 1న నిండుతాయి. జూన్ 20 వేస్తే సెప్టెంబరు 18. జూలై 10 వేస్తే అక్టోబరు 8. డ్రమ్ము మార్చిన ప్రతిసారీ కొత్త తేదీ వేస్తూపోతే వ్యర్థానికి వయసే రాదు. అందుకే కలిపినవాటిలో అన్నిటికన్నా పాత తేదీ వెయ్యడమే నిజాయతీ.

దీనికి ఎదురువాదన లేకపోలేదు. 90 రోజుల నియమం నడిచే ఫ్యాక్టరీలని దృష్టిలో పెట్టుకుని రాసింది, వదిలేసిన చోట పరీక్షల ఫలితాలు రావడానికే వారాలు పడుతుంది, తొందరపెడితే సరిగ్గా తేల్చకుండానే లారీ ఎక్కిస్తారు అని సైటులో పనిచేసేవాళ్లు అంటారు. అందులో నిజముంది. ఇన్నేళ్లూ ఇక్కడే పడుందిగా, గడియారం ఇప్పుడు మొదలైందంటే మేమెలా ఒప్పుకుంటాం అని చుట్టుపక్కల ఇళ్లవాళ్లు అంటారు. అదీ నిజమే. గడువు పెంచాల్సి వస్తే మండలిని అడిగి, కారణం రాసి పెంచుకునే దారి ఉంది. చీటీమీద తేదీ మార్చి పెంచుకోవడం మాత్రం వేరే సంగతి.

ఏడు రంగుల కాగితాలు

డ్రమ్ము గేటు దాటాక చీటీ ఒక్కటే చాలదు. మానిఫెస్ట్ అనే అప్పగింత పత్రం, ఫారం 10, ఏడు ప్రతుల్లో ఉంటుంది. తెల్లది పంపేవారు కాలుష్య నియంత్రణ మండలికి పంపుతారు. పసుపుది లారీవాళ్ల సంతకంతో తమ దగ్గరే ఉంచుకుంటారు. మిగతా ఐదూ లారీతో వెళ్తాయి. చేరాక గులాబీది అందుకున్నవారి దగ్గర ఆగుతుంది, నారింజది లారీవాళ్లకి, ఆకుపచ్చది మండలికి, నీలంది తిరిగి పంపినవారికి. వ్యర్థం వేరే రాష్ట్రం నుంచి వస్తే బూడిదరంగుది ఆ రాష్ట్ర మండలికి వెళ్తుంది.

ఇన్ని రంగులెందుకంటే, ఒకే విషయాన్ని ఇద్దరు విడివిడిగా మండలికి చెప్పాలి. పంపానని తెల్లకాగితం, అందిందని ఆకుపచ్చ కాగితం. రెండింట్లో డ్రమ్ముల సంఖ్య, కాటా చీటీమీది బరువు సరిపోవాలి. తెల్లది వచ్చి ఆకుపచ్చది రాలేదంటే ఆ లారీ దారిలో ఎక్కడో ఏదో చేసి ఉండొచ్చు. నాలాలో ఒంపిన ట్యాంకర్ల కథలు పారిశ్రామికవాడల పక్కన బతికేవాళ్లకి చెప్పక్కర్లేదు. డ్రైవరు దగ్గర ఉండాల్సిన ఇంకో కాగితం ట్రెమ్ కార్డు, ఫారం 9. దారిలో ప్రమాదమైతే ఏం చెయ్యాలో చెప్పేది.

కాగితమా, ఫోనా? అందరికీ చూపాలా, వద్దా?

ఇప్పుడు ఇదంతా ఆన్‌లైన్లోకి మారుతోంది. క్యూఆర్ చీటీ స్కాన్ చేస్తే తారుమారు చెయ్యడం కష్టం, లారీకి జీపీఎస్ ఉంటే దారి తప్పితే తెలుస్తుంది, ఆకుపచ్చ కాగితం టపాలో ఎన్నాళ్లకి వస్తుందా అని చూడక్కర్లేదు. ఇవన్నీ నిజమైన లాభాలు.

సైటులో నిలబడ్డవాళ్ల బాధ వేరు. మండే ఆవిరి ఉన్నచోట మామూలు ఫోను తియ్యకూడదు, పెట్రోలు బంకులో వద్దన్నట్టే. దానికి నిప్పురవ్వ రాని ప్రత్యేక పరికరం కావాలి. రెండు జతల తొడుగులతో తెరమీద నొక్కడం అయ్యేపని కాదు. నూనె మరక పడితే క్యూఆర్ చదవదు. రేడియో సంకేతంతో దూరం నుంచే చదివే చీటీలు ఇనప డ్రమ్ముమీద సరిగ్గా పలకవు, లోహం వాటి సంకేతాన్ని చెడగొడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటూ లేదు, సిగ్నలూ లేదు. ఏ డ్రమ్ములో ఏముందో తెలుసుకోవాల్సిన అగత్యం పడేది సరిగ్గా అలాంటి రోజునే. అందుకని క్యూఆర్ ఉన్నా, పక్కనే చేతిమందం అక్షరాలతో నంబరు పెయింటుతో రాసి ఉండాలన్నది నా అభిప్రాయం.

ఈ సమాచారం జనానికి చూపాలా అన్నది మరింత కష్టమైన ప్రశ్న. దాస్తే ఏమవుతుందో పీథంపూర్‌లో చూశాం. వ్యర్థం వస్తోందని తెలిసి 2025 జనవరిలో అక్కడి జనం వీధుల్లోకి వచ్చారు. ఏం వస్తోంది, ఎంత వస్తోంది, కాలిస్తే ఏం వెలువడుతుంది అన్నది తమకి ఎవరూ చెప్పలేదన్న కోపం అందులో చాలా ఉంది. ఎదుటి వాదన కూడా కొట్టిపారేసేది కాదు. లారీ ఏ రోజు ఏ దారిలో వెళ్తుందో ముందే చెప్తే గుంపు చేరుతుంది. సరిగ్గా ఆ గుంపుకే ప్రమాదం ఎక్కువ. పైగా పాత ద్రావకాలకి, లోహపు వ్యర్థాలకి, ఖాళీ డ్రమ్ములకి బయట రేటుంది, దొంగలకి దారి చూపినట్టవుతుంది. భోపాల్ నుంచి ఆ లారీల్ని పోలీసు కాపలాతో రాత్రిపూట నడిపారు.

ఈ రెండూ ఒకదానికొకటి అంత అడ్డం కావనిపిస్తుంది నాకు. దారి, వేళ ముందుగా చెప్పక్కర్లేదు. ఎన్ని డ్రమ్ములు, ఏ వర్గాలు, ఎన్ని టన్నులు బయల్దేరాయి, ఎన్ని చేరాయి అన్నది చేరిన మర్నాడు గేటు దగ్గర బోర్డుమీద తెలుగులో పెడితే ఏ దొంగకీ లాభం లేదు, పక్క వీధిలో పిల్లల్ని పెంచుకునేవాళ్లకి మాత్రం బోలెడు నిబ్బరం.

ఖాళీ డ్రమ్ము నంబరు ఎప్పుడు మూస్తారు

మన లెక్కలో ఎనిమిది ఖాళీ డ్రమ్ములు మిగిలిపోయాయి. అందరి చూపూ నిండు డ్రమ్ములమీదే ఉంటుంది. పని అయిపోయే రోజున గేటు పక్కన పడున్న ఖాళీలని "ఇవేం చేద్దాం" అని ఎవరో అడుగుతారు. పాతసామాన్ల దుకాణంలో వాటికి డబ్బులొస్తాయి. నూనె పోసుకునే ఉక్కు డ్రమ్ములకన్నా ఫార్మా యూనిట్ల నుంచి వచ్చే ప్లాస్టిక్ డ్రమ్ములకి గిరాకీ ఎక్కువ, తేలిగ్గా ఉంటాయి, తుప్పు పట్టవు, నీళ్లకి బాగుంటాయి. ప్లాస్టిక్ కొన్ని ద్రావకాల్ని తనలోకి పీల్చుకుంటుంది. సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా అది పూర్తిగా పోదు, తర్వాత పోసిన నీళ్లలోకి మెల్లమెల్లగా ఊరుతుంది. పద్ధతి ప్రకారం అనుమతి ఉన్నచోట వాటిని శుద్ధి చెయ్యాలి, కడిగిన నీళ్లని కూడా వ్యర్థంగానే లెక్కగట్టాలి, మళ్లీ ఎవరూ వాడకుండా కొయ్యాలి లేదా అడుగు పొడవాలి. అప్పుడే రిజిస్టరులో ఆ నంబరు ఎదురుగా చివరి సంతకం పడుతుంది.

పెద్దమ్మ ఆ డ్రమ్ముని ఇప్పుడు వాడటం లేదు, పోరుపెట్టి మాన్పించాం. చీటీమీద మిగిలిన నంబరు నేను కాగితంమీద రాసుకున్నాను. నాలుగంకెలు, బాగానే కనిపిస్తున్నాయి. అవి ఎవరి రిజిస్టరులోవో తెలియాలంటే పక్క గడిలో పంపినవారి పేరుండాలి. చిరిగిపోయింది ఆ భాగమే.